విశాఖ నుంచి స్కీయింగ్‌కి: ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా బుక్ చేసుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దాటిందంటే మా వాళ్లలో ఎవరో ఒకరు "ఈసారి మంచులోకి వెళ్దామనుకుంటున్నాం, ప్యాకేజీ మంచిదా, మనమే బుక్ చేసుకుంటే మంచిదా" అని అడుగుతారు. లంబసింగి చలికే స్వెట్టర్లు వెతుక్కునే ఊరు మనది, ఈ విషయంలో పక్కింటివాళ్లనో ఇంట్లో పెద్దవాళ్లనో అడిగి తెలుసుకునే వీలుండదు. అందుకే ఎక్కువమంది అడిగేవన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. గుల్మార్గ్ గురించే ఎక్కువగా ఉంటుంది, మన దేశంలో స్కీయింగ్ అంటే ముందు చెప్పుకోవాల్సింది దాని గురించే కాబట్టి.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏది మంచిది?

మొదటిసారి నేర్చుకోవడానికి వెళ్తుంటే కొండ మీది ఖర్చులన్నీ, అంటే గది, భోజనం, స్కీలు (కాళ్లకి తగిలించుకుని మంచు మీద జారే పొడవాటి పలకలు), నేర్పే మనిషి, ఈ నాలుగూ కలిపి ఒక కోర్సుగా తీసుకోండి, విమానం టికెట్లు మాత్రం మీరే కొనుక్కోండి. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో మంచు చూసి రావడానికైతే మామూలు టూర్ ప్యాకేజీ హాయి. ఒకసారి నేర్చుకున్నాక మళ్లీ వెళ్లేవాళ్లు అన్నీ సొంతంగా చేసుకోవచ్చు, మంచు పడిందని తెలిశాక బయల్దేరే స్వేచ్ఛ అలాగైతేనే ఉంటుంది.

ద్వారకానగర్‌లో ఒక ఏజెంట్ "కశ్మీర్ స్కీ ప్యాకేజీ" అని ఇచ్చాడండీ. అందులో స్కీయింగ్ ఉన్నట్టే కదా?

కాగితం తీసి చూడండి. శ్రీనగర్‌లో రెండు రాత్రులు, హౌస్‌బోట్‌లో ఒకటి, పహల్గాంలో ఒకటో రెండో, గుల్మార్గ్‌కి మాత్రం "డే ట్రిప్" అని ఉంటే అది కశ్మీర్ టూర్, స్కీయింగ్ ట్రిప్ కాదు. అది మోసం అని నేను అనడం లేదు, మంచు చూడాలనుకునే కుటుంబానికి ఆ టూర్ చక్కగా సరిపోతుంది, దాల్ సరస్సు, మొఘల్ తోటలు, గుల్మార్గ్ అన్నీ ఒకేసారి చూసి వస్తారు. కానీ స్కీయింగ్ నేర్చుకోవాలన్న కోరికతో డబ్బు కట్టినవాళ్లకి అక్కడికి వెళ్లాక బాధ కలుగుతుంది. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు, మంచులో ఆ దారి మామూలు కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది. చేరేసరికి మధ్యాహ్నం దగ్గరపడుతుంది, బూట్లు, స్కీలు అద్దెకి తీసుకుని వేసుకునేసరికి ఇంకొంత సమయం పోతుంది, చివరికి ఎవరో ఒకాయన మిమ్మల్ని చేత్తో పట్టుకుని చిన్న వాలు మీద నాలుగుసార్లు జారనిచ్చి ఫోటో తీసి పంపిస్తాడు. ఆ కాసేపట్లో ఎవరికీ ఏమీ రాదు. ఆగడం నేర్చుకోవడానికే, అంటే స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి మడమలు బయటికి నెట్టి వేగం తగ్గించుకోవడానికే, చాలామందికి మొదటి రోజంతా పడుతుంది.

అందుకని ఏజెంట్‌ని ఇలా అడగండి: "గుల్మార్గ్‌లో రాత్రి బస ఎన్ని రోజులు? మంచు మీద ఎన్ని గంటలు నేర్పిస్తారు? ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? స్కీలు, బూట్లు ఈ ధరలోనే ఉన్నాయా?" ఈ నాలుగింటికీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా జవాబిస్తే అప్పుడు బేరం మొదలుపెట్టండి. "అక్కడికి వెళ్లాక చూసుకుందాం సార్" అన్నాడంటే అందులో స్కీయింగ్ లేదనే అనుకోవాలి.

కోర్సు అంటున్నారు, అవి ఎవరు నడుపుతారు?

మన దేశంలో ప్రభుత్వ సంస్థలే మంచి కోర్సులు నడుపుతున్నాయి, ఈ సంగతి మన వైపు చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది, ఇది కేంద్ర పర్యాటక శాఖ కింద నడుస్తుంది. పహల్గాంలోని జవహర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ అండ్ వింటర్ స్పోర్ట్స్ కూడా స్కీ కోర్సులు పెడుతుంది. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వాళ్లు సోలాంగ్ వాలుల మీద నేర్పిస్తారు. ఉత్తరాఖండ్‌లో ఔలీ దగ్గర గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు మంచు బాగా ఉన్న ఏళ్లలో 7 రోజులు, 14 రోజుల కోర్సులు నడుపుతూ వచ్చారు.

ఇవి కూడా ఒకరకంగా ప్యాకేజీలే. ఒకసారి ఫీజు కడితే బస, భోజనం, పరికరాలు, శిక్షణ అన్నీ సాధారణంగా అందులోనే వస్తాయి, ప్రైవేటుగా రోజుకొక ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకునే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ పడుతుంది. ఇబ్బందులూ ఉన్నాయి. తేదీలు వాళ్లవే, మీ లీవు దానికి తగ్గట్టు సర్దుకోవాలి. దరఖాస్తు చాలా ముందుగా పెట్టుకోవాలి, డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి, వయసు పరిమితి ఉంటుంది. గది ఇంకొకరితో పంచుకోవాలి, పొద్దున్నే లేవాలి, హోటల్ సుఖాలు ఉండవు. కొత్తపెళ్లి జంటకి ఇది నేను చెప్పను. కానీ కాలేజీ పిల్లలకి, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్నవాళ్లకి, నిజంగా నేర్చుకోవాలనుకునే ఎవరికైనా దీనికి మించినది లేదని నా గట్టి అభిప్రాయం. వారం రోజులు ఒకే ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని చూస్తూ మీరు ఏ కాలు మీద బరువు తప్పు వేస్తున్నారో రోజూ చెబుతుంటే వచ్చే తేడా, విడివిడిగా గంటలు కొనుక్కుంటే రాదు.

కోర్సులో సీటు దొరకలేదు. ప్రైవేటుగా నేర్చుకోవచ్చా?

నిక్షేపంగా. గుల్మార్గ్‌లో గది తీసుకుని కనీసం నాలుగు రోజులు ఒకే మనిషి దగ్గర నేర్చుకోండి. టూరిజం శాఖ రిజిస్ట్రేషన్ కార్డు చూపించమని మర్యాదగా అడగండి, ఉన్నవాళ్లు వెంటనే చూపిస్తారు. కారు దిగగానే చుట్టూ చేరేవాళ్లలో ఎవరో ఒకరితో అక్కడికక్కడ మాట్లాడుకునే బదులు, మీరు దిగే హోటల్ వాళ్ల ద్వారానో, ముందే అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్ల ద్వారానో ఫోన్లో మాట్లాడి ధర ఖరారు చేసుకుని వెళ్లండి.

గుల్మార్గా, ఔలీనా, సోలాంగా?

మంచు నాణ్యత, వాలుల పొడవు, లిఫ్టులు, ఏది చూసినా గుల్మార్గ్. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది, గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, మిమ్మల్ని అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. సోలాంగ్ మనాలీకి 13, 14 కిలోమీటర్ల దూరం, వాలు చిన్నది, జనం ఎక్కువ, కానీ మనాలీకి ఎలాగూ వెళ్తున్నవాళ్లు రెండు రోజులు రుచి చూడటానికి బాగుంటుంది. ఔలీ నాకు చాలా ఇష్టం, నందాదేవి ఎదురుగా కనిపిస్తుంటే జారడం మాటల్లో చెప్పేది కాదు, 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ అక్కడ జరిగాయి. కానీ 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగిన తర్వాత అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆపేశారు, పైగా రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కి సుమారు 250 కిలోమీటర్ల కొండ దారి. వైజాగ్ నుంచి బయల్దేరినవాళ్లకి పోనూ రానూ రెండేసి రోజులు ప్రయాణానికే పోతాయి. వారం రోజుల లీవుతో ఔలీ పెట్టుకోకండి.

విమానం టికెట్లు ప్యాకేజీలోనే తీసుకుంటే తప్పేంటి?

తప్పేమీ లేదు, కానీ ఆ టికెట్లు ఎలా కొన్నారో మీకు తెలియాలి. వైజాగ్ నుంచి శ్రీనగర్‌కి నేరుగా విమానం లేదు, ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో మారాలి. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీలో పొగమంచు, శ్రీనగర్‌లో మంచు, ఈ రెండింటిలో ఏదో ఒకటి మీ విమానాన్ని ఆలస్యం చేసే అవకాశం చాలా ఎక్కువ. వైజాగ్ నుంచి శ్రీనగర్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి విమానంలో మిమ్మల్ని పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. వైజాగ్-ఢిల్లీ ఒక కంపెనీలో, ఢిల్లీ-శ్రీనగర్ ఇంకో కంపెనీలో విడివిడిగా కొంటే రెండో కంపెనీకి మీరు రాని ప్రయాణికులు, అంతే, ఆ టికెట్ డబ్బులో చాలాభాగం పోతుంది, మళ్లీ అప్పటికప్పుడు సీజన్ ధరకి కొనుక్కోవాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మొత్తం ధర కొన్నిసార్లు తక్కువ కనిపిస్తుంది, అందుకే కొందరు ఏజెంట్లు అలా కొంటారు. "ఒకే పీఎన్ఆరా, రెండా?" అని మొదటి రోజే అడగండి.

వాతావరణం వల్ల ఎయిర్‌లైన్ తనే విమానం రద్దు చేస్తే డబ్బు వాపసు గానీ ఇంకో విమానంలో సీటు గానీ అడిగే హక్కు మీకుంది, నష్టపరిహారం మాత్రం రాదు. హోటల్ ఒక రాత్రి వృథా అయితే దాన్ని ఎయిర్‌లైన్ చూడదు. ఇక్కడ ప్యాకేజీ వాళ్లకి ఒక మంచి మార్కు ఇవ్వాలి: మంచి ఆపరేటర్ అయితే ఆ హోటల్ వాడితో, కారు వాడితో మాట్లాడి తేదీలు జరుపుతాడు, మీరు ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కూర్చుని ఫోన్ల మీద ఫోన్లు చేసుకునే టెన్షన్ తప్పుతుంది. ఆ సాయం చేస్తాడా లేదా అన్నది ముందు కనుక్కోండి. సొంతంగా చేసుకునేవాళ్లు వెళ్లేటప్పుడు శ్రీనగర్‌లో ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఇంకో రాత్రి అదనంగా పెట్టుకోండి, తిరుగు ప్రయాణం రోజు శ్రీనగర్ ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందు చేరండి, అక్కడ తనిఖీలు ఎక్కువ.

రైల్లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి కాట్రా, 2025 జూన్ నుంచి కాట్రా-శ్రీనగర్ వందేభారత్ నడుస్తోంది, చీనాబ్ వంతెన మీదుగా వెళ్తుంది. మంచుకి హైవే మూసేసినప్పుడు ఈ రైలు పెద్ద ఆసరా. సమయం ఉన్నవాళ్లకే చెబుతున్నాను, అటూ ఇటూ కలిపి మీ లీవులో సగం పోతుంది.

"గొండోలా ఫేజ్ 2 ఇన్‌క్లూడెడ్" అని రాశారు. మంచి డీలేనా?

గొండోలా రెండు భాగాలుగా నడుస్తుంది, ఊరి నుంచి మధ్య స్టేషన్ దాకా ఫేజ్ 1, అక్కడి నుంచి పైదాకా ఫేజ్ 2. స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఫేజ్ 2 అసలు అక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు ఊరి దగ్గరున్న మెత్తని వాలు మీదే నేర్పిస్తారు, అక్కడ స్కీల మీద నిలబడ్డవాళ్లని పైకి లాక్కెళ్లే చిన్న డ్రాగ్ లిఫ్టులు ఉంటాయి. కాస్త వచ్చాక ఫేజ్ 1, అంటే కోంగ్‌దూరీ స్టేషన్ దాకా. ఫేజ్ 2 నుంచి కిందికి దిగడం బాగా వచ్చినవాళ్ల పని, పైన వాలులు చదును చేసినవి కావు, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నిజంగా ఉంది. 2023 ఫిబ్రవరిలో, 2024 ఫిబ్రవరిలో అక్కడ చరియల కింద పడి విదేశీ స్కీయర్లు చనిపోయారు, వాళ్లంతా అనుభవం లేనివాళ్లేమీ కాదు. పైకి వెళ్లి చూసి అదే గొండోలాలో దిగి రావడానికైతే ఫేజ్ 2 అద్భుతంగా ఉంటుంది, ఆ లెక్కన కొనుక్కోండి. టికెట్లు కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో తేదీ ప్రకారం అమ్ముతారు, సీజన్‌లో త్వరగా అయిపోతాయి, కాబట్టి సొంతంగా వెళ్లేవాళ్లు హోటల్‌తో పాటే ఇవి కూడా చూసుకోవాలి. గాలి ఎక్కువైతే ఫేజ్ 2 ఆపేస్తారు, ఎంత పెద్ద ప్యాకేజీ అయినా దాన్ని నడిపించలేదు.

మంచు పడకపోతే?

ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, చాలామంది అడగరు కూడా. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో నెల చివరి దాకా నేల గోధుమరంగులో కనిపించింది, చిల్లై కలాన్ అని వాళ్లు పిలిచే 40 రోజుల గడ్డకట్టే చలికాలం, డిసెంబర్ 21 నుంచి జనవరి నెలాఖరు దాకా, దాదాపు పొడిగా గడిచిపోయింది. 2025లో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడ్డాయి. అంతర్జాతీయ స్థాయిలో మంచుకి పేరున్న చోటే ఇలా ఉంటే ఔలీ, సోలాంగ్ సంగతి వేరే చెప్పాలా.

ప్యాకేజీ వాళ్ల నిబంధనల్లో "మంచు లేకపోయినా వాపసు లేదు" అనే వాక్యం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాళ్ల కోణంలో అది అర్థమయ్యేదే, వాళ్లు హోటల్‌కి ముందే కట్టేస్తారు. కానీ రిస్కు అంతా మీదే అవుతుంది. సొంతంగా బుక్ చేసుకునేవాళ్లు చివరి రెండు మూడు రోజుల దాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోవచ్చు, ఆ గది ధర కాస్త ఎక్కువైనా సరే తీసుకోండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. వారం ముందు నుంచి గుల్మార్గ్ వాతావరణం చూస్తూ, హోటల్‌కి ఫోన్ చేసి "ఇప్పుడు కిటికీలోంచి వాలు వీడియో పంపండి" అని అడగండి, పాత వీడియో కాకుండా. తేదీల విషయంలో నా సలహా ఒకటే: జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు మధ్య పెట్టుకోండి.

సంక్రాంతి సెలవులకి వెళ్దామనుకుంటున్నాం.

పిల్లల స్కూలు వల్ల వేరే దారి లేకపోతే వెళ్లండి, కానీ అప్పటికి వాలులు నిండేంత మంచు ఉంటుందన్న భరోసా లేదు, ఢిల్లీ పొగమంచు మాత్రం ఉంటుంది. ఆ రోజుల్లో స్కీయింగ్ మీద ఆశ తగ్గించుకుని టూర్ ప్యాకేజీలో వెళ్తే బాధ తక్కువ.

ఖర్చు ఎలా పోల్చాలి? ప్యాకేజీ వాడు చెప్పినది తక్కువే అనిపిస్తోంది.

ప్యాకేజీ ధర పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని అందులో లేనివన్నీ రాయండి. వైజాగ్-శ్రీనగర్ టికెట్లు ఉన్నాయా? మధ్యాహ్నం భోజనం ఉందా? గుల్మార్గ్ కొండ కిందున్న తంగ్‌మార్గ్ నుంచి పైకి వెళ్లే బండి ఉందా? మంచు బాగా పడినప్పుడు మామూలు కారు తంగ్‌మార్గ్ దగ్గరే ఆగిపోతుంది, చివరి 13 కిలోమీటర్లు టైర్లకి గొలుసులు కట్టిన స్థానిక బండిలో వెళ్లాలి, ఈ ఖర్చు చాలా ప్యాకేజీల్లో ఉండదు, మంచులో నిలబడి బేరమాడాల్సి వస్తుంది. స్కీల అద్దె, బూట్లు, ఇన్‌స్ట్రక్టర్, లిఫ్టు, గొండోలా, కోటు అద్దె, గమ్‌బూట్ల అద్దె, గదిలో హీటరుకి వేరే చార్జీ, జీఎస్టీ కలిపారా లేదా, ఇవన్నీ రాయండి. అవన్నీ కూడాక వచ్చిన మొత్తాన్ని మంచు మీద గడిపే గంటలతో భాగించండి. ఆరు రోజుల టూర్‌లో స్కీయింగ్ ఒక గంటే అయితే ఆ గంట ఎంత పడిందో మీకే కనిపిస్తుంది.

సొంతంగా చేసుకుంటే ఎప్పుడూ చవక అనుకోవద్దు. గుల్మార్గ్‌లో గదులు తక్కువ, సీజన్‌లో ధర చాలా ఎక్కువ, పెద్ద ఆపరేటర్లకి దొరికే రేటు మనకి దొరకదు. ఇద్దరే వెళ్తుంటే కారు ఖర్చంతా ఇద్దరి మీదే పడుతుంది. నలుగురు, ఆరుగురు కలిసి వెళ్తేనే సొంతంగా చేసుకోవడం కలిసొస్తుంది. తంగ్‌మార్గ్‌లో దిగి రోజూ పైకి వెళ్తే గది చవక, కానీ పొద్దున గంట, సాయంత్రం గంట పోతుంది, రోడ్డు మూస్తే ఆ రోజంతా పోతుంది. డబ్బు ఏమాత్రం వీలున్నా పైనే ఉండండి.

గది తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

వేడి. అంతే. సెంట్రల్ హీటింగా, కట్టెల బుఖారీనా (గదిని వేడిచేసే పొయ్యి), ఎలక్ట్రిక్ దుప్పటా, కరెంటు పోతే ఏం చేస్తారు, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి. ఫోటోల్లో కనిపించే పడక, కర్టెన్లు రాత్రి మైనస్ పది డిగ్రీల్లో మిమ్మల్ని కాపాడవు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనకి ఆ చలి ఒంటికి కొత్త.

ఇన్సూరెన్స్ అవసరమా? నాకు హెల్త్ పాలసీ ఉంది.

పాలసీ కాగితంలో "ప్రమాదకర, సాహస క్రీడలు" అనే మినహాయింపు చదవండి. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక పదాల ప్రకారం హెల్త్ పాలసీలో ఆ మినహాయింపు ప్రొఫెషనల్‌గా ఆ క్రీడలో పాల్గొనేవాళ్లకి వర్తిస్తుంది, అంటే సరదాగా నేర్చుకునే మీకు వైద్యం ఖర్చు వచ్చే అవకాశం ఉంది, అయినా మీ కంపెనీకి మెయిల్ రాసి జవాబు దాచుకోండి. పర్సనల్ యాక్సిడెంట్, ట్రావెల్ పాలసీలు వేరు, వాటిలో స్కీయింగ్‌ని చాలాసార్లు అదనపు ప్రీమియం మీదే చేరుస్తారు, గుర్తించిన వాలుల బయట జారితే అప్పుడు కూడా ఇవ్వరు. ప్యాకేజీతో వచ్చే ఉచిత ఇన్సూరెన్స్‌ని నమ్ముకోకండి, అందులో స్కీయింగ్ అనే పదం ఉందో లేదో చూడండి. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు, లిగమెంట్ తెగితే ఆపరేషన్, నెలల తరబడి ఫిజియోథెరపీ. చిన్న విషయం కాదు.

ఏజెంట్ చెప్పింది ఒకటి, అక్కడ ఇచ్చింది ఇంకొకటి. డబ్బు తిరిగి వస్తుందా?

ముందు 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఢిల్లీలో ఉన్నా శ్రీనగర్‌లో ఉన్నా మీరు విశాఖలోనే వేయొచ్చు, చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. కానీ కాగితాలు కావాలి. అందుకే ప్రతిదీ రాతలో ఉండాలని ఇన్నిసార్లు చెబుతున్నాను.

ఈ విషయంలో ప్యాకేజీకి నిజమైన బలం ఉంది. హోటల్, కారు, ఇన్‌స్ట్రక్టర్ అందరికీ ఒక్కరే బాధ్యులు కాబట్టి మీరు ఒక్కరినే నిలదీస్తే చాలు. మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే నలుగురి దగ్గరికి తిరగాలి, ప్రతివాడూ పక్కవాడి తప్పు అంటాడు. డబ్బు కట్టేటప్పుడు వ్యక్తి సొంత యూపీఐకి కాకుండా కంపెనీ ఖాతాకి కట్టండి, జీఎస్టీ నంబరున్న రసీదు తీసుకోండి. మొత్తం ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి.

కశ్మీర్ అంటే ఇంట్లో భయపడుతున్నారు.

భయపడటంలో తప్పు లేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో జరిగిన దాడిలో 26 మంది చనిపోయారు, వాళ్లలో మన విశాఖ మనిషీ ఉన్నారు, ఆ దుఃఖం ఈ ఊరు మర్చిపోదు. ఆ తర్వాత చాలా పర్యాటక స్థలాలు మూసేశారు, మేలో శ్రీనగర్ విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది, ఎన్నో ట్రిప్పులు రద్దయ్యాయి. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంట్లో కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయం, బయటివాళ్లం ఒత్తిడి చేయకూడదు. వెళ్లేట్టయితే ప్యాకేజీ ఒప్పందంలో "ప్రభుత్వ హెచ్చరిక వస్తే, విమానాశ్రయం మూస్తే ఎంత వాపసు, ఎన్ని రోజుల్లో" అని స్పష్టంగా రాయించుకోండి. ఇంట్లో అమ్మకి మనసు ఒప్పకపోతే మనాలీ ఉంది, అక్కడి అటల్ బిహారీ వాజ్‌పేయీ ఇన్‌స్టిట్యూట్ కోర్సు ఉంది, ఆవిడని బాధపెట్టి గుల్మార్గ్ వెళ్లాల్సిన పని లేదు.

ఫోన్ పనిచేస్తుందా?

మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. బయల్దేరే ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి.

బట్టలు, బూట్లు ఇక్కడ కొనుక్కోవాలా?

లోపలి థర్మల్స్, ఊలు సాక్సులు, తడవని గ్లవ్స్, కళ్లజోడు కొనుక్కోండి, డెకాథ్లాన్ లాంటి షాపుల్లో దొరుకుతాయి. పెద్ద కోటు, ప్యాంటు అద్దెకి తీసుకోవచ్చు. స్కీలు, బూట్లు కొనాల్సిన అవసరం అసలు లేదు. అద్దె బూట్ల దగ్గర మాత్రం తొందరపడకండి, ఒకే ఒక జత సాక్సు వేసుకుని, నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్లు ముందుకి వంచితే కొద్దిగా వెనక్కి రావాలి. చలి అని రెండు జతల సాక్సులు వేసుకుంటే రక్తప్రసరణ తగ్గి కాళ్లు ఇంకా చల్లబడతాయి. ప్యాకేజీ వాళ్లు అందరికీ వరసగా బూట్లు పంచేస్తుంటే "నాకు ఇది సరిపోలేదు, మార్చండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, ఎంత గట్టిగా ఉండాలన్నది మీ బరువు, ఎత్తు, అనుభవాన్ని బట్టి మారుతుంది, మీ బరువు అడగకుండా స్కీలు ఇచ్చేస్తే మీరే చెప్పండి, పడినప్పుడు స్కీ ఊడిరాకపోతే మోకాలికే దెబ్బ. సన్‌స్క్రీన్ తప్పనిసరి, తాజా మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి మొహం మీద కొడుతుంది.

ఒంటరిగా వెళ్లే అమ్మాయికి ఏది మంచిదక్కా?

కోర్సు, ఆలోచించకుండా. తోటివాళ్లు ఉంటారు, బస ఏర్పాటు ఉంటుంది, రోజంతా ఏం చేస్తున్నావో సంస్థకి తెలుస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి సంస్థ దాకా బండి మాత్రం ముందే మాట్లాడుకో, పగటిపూట చేరేలా టికెట్ తీసుకో.

ఒంటిని సిద్ధం చేసుకోవాలా?

చేసుకోవాలి, కనీసం నెలన్నర ముందు నుంచి. మనకి మంచి వసతి ఉంది, సింహాచలం మెట్ల దారి. వారానికి మూడుసార్లు ఎక్కి, మోకాళ్లు కొద్దిగా వంచి నెమ్మదిగా దిగండి, స్కీయింగ్‌లో పనిచేసేవి ఆ దిగేటప్పుడు నొప్పి పుట్టే తొడ కండరాలే. గుల్మార్గ్ ఎత్తుకి మొదటి రోజు కాస్త తలనొప్పి, ఆయాసం రావచ్చు, నీళ్లు బాగా తాగి ఆ రోజు విశ్రాంతి తీసుకోండి. ప్యాకేజీల్లో చేరిన రోజే తిప్పేస్తారు, అది నాకు నచ్చదు.

విదేశాలకైతే?

మొదటి విదేశీ స్కీ ట్రిప్పుకి నేను చెప్పేది అల్మాటీ. కజకిస్తాన్‌కి భారతీయులు 14 రోజుల దాకా వీసా లేకుండా వెళ్లొచ్చు, ఢిల్లీ నుంచి నేరుగా విమానాలున్నాయి, షింబులాక్ స్కీ రిసార్టు నగరం పక్కనే, 3,200 మీటర్ల దాకా లిఫ్టులు. నగరంలో గది తీసుకుని రోజూ పైకి వెళ్లి రావచ్చు కాబట్టి ప్యాకేజీ అవసరమే లేదు, ఇది సొంతంగా చేసుకోవడానికి అన్నిటికంటే తేలికైన చోటు. జార్జియాలో గుడౌరీ కూడా మంచిది, తిబిలిసీ నుంచి సుమారు 120 కిలోమీటర్లు, వీసా నిబంధనలు చూసుకోండి.

ఆల్ప్స్ దగ్గర లెక్క మారుతుంది. మన టూర్ కంపెనీల స్విట్జర్లాండ్ ప్యాకేజీలో టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్ కొండలు ఎక్కించి మంచులో ఫోటోలు తీయించి దించుతారు, అది గుల్మార్గ్ డే ట్రిప్ లాంటిదే. అక్కడి స్కీ రిసార్టుల్లో గదులు సాధారణంగా శనివారం నుంచి శనివారానికి ఇస్తారు, గ్రూపు క్లాసులు ఆదివారమో సోమవారమో మొదలై శుక్రవారం దాకా సాగుతాయి, మధ్యలో బుధవారం దిగితే చేరడానికి క్లాసు ఉండదు. బ్రిటన్ నుంచి అమ్మే స్కీ ప్యాకేజీల్లో అక్కడి నుంచి విమానం, బస్సు, గది, రెండు పూటల భోజనం ఉంటాయి, లిఫ్టు పాస్, స్కీల అద్దె, క్లాసులు చాలాసార్లు వేరే. లండన్‌లో పిల్లలున్న తల్లిదండ్రులకి అవి ఉపయోగపడతాయి. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు గది, స్కీ స్కూలు ఒకే రిసార్టులో విడిగా బుక్ చేసుకోవడమే మేలు. ఫిబ్రవరిలో అక్కడి స్కూళ్ల సెలవుల వారాలు తప్పించుకోండి, ధరలు, క్యూలు రెండూ భరించలేం. ఆ యూరప్ దేశాలకి కావాల్సిన షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ అడుగుతారు, ఆ పాలసీలో స్కీయింగ్ దానంతటదే ఉండదు. ఇండియాలో కొన్న విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు, రేటు బడ్జెట్‌ని బట్టి మారుతుంటుంది, అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు.

మేం ఎనిమిది మందిమి, సగం మందికే స్కీయింగ్ కావాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కూడా.

ఇలాంటి కుటుంబాలే ఎక్కువ. అందరినీ ఒకే ప్యాకేజీలో ఇరికించకండి. శ్రీనగర్ దాకా అందరూ ఒకే విమానంలో వెళ్లండి. అక్కడి నుంచి పెద్దవాళ్లకి కారు, డ్రైవరు, హోటల్ కలిపి నాలుగు రోజుల టూర్ తీసుకోండి, వాళ్లు దాల్ సరస్సు, తోటలు చూస్తారు, ఒక రోజు గుల్మార్గ్ వచ్చి ఫేజ్ 1 ఎక్కి, మీరు జారుతుంటే చూసి, కహ్వా (కశ్మీరీ టీ) తాగి వెళ్తారు. నాన్నగారికి బీపీ, గుండె సమస్య ఉంటే బయల్దేరే ముందు డాక్టరుని అడిగి ఫేజ్ 2 మాత్రం మాన్పించండి. స్కీయింగ్ చేసేవాళ్లు నాలుగు రాత్రులూ గుల్మార్గ్‌లోనే ఉండండి. ఆవకాయ, కందిపొడి సీసాలు చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోండి, సగం పెద్దవాళ్ల దగ్గర, సగం మీ దగ్గర.